మా మూడిళ్ళ పన్ను లెక్క

ఈ సంక్రాంతికి మా ఊళ్ళో అందరం కలిశాం. అందరం అంటే మా పెద్దక్క, నేను, మా చెల్లెలు, మా పిల్లలు. ఇంట్లో ఒకడు బ్యాంకులో పనిచేస్తుంటే పండక్కి అరిసెలతోపాటు పాన్ కార్డులు కూడా బయటికి వస్తాయని మన పత్రిక పాఠకులకు నేను వేరే చెప్పక్కర్లేదు. కనుమ నాడు భోజనాలయ్యాక చాప మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాను.

చెల్లెలు, బావగారు ఇద్దరూ బ్యాంకు క్లర్కులే. ఏడాదికి ఆమెకు 9 లక్షలు, ఆయనకు 9 లక్షలు. నేను ఆఫీసర్ని, నా జీతం 18 లక్షలు. నా భార్య ఇల్లు చూసుకుంటుంది. వాళ్ళిద్దరి లెక్కా వేస్తే పన్ను సున్నా వచ్చింది. నాది వేస్తే 1,50,800 రూపాయలు వచ్చింది.

పక్కనే కూర్చుని తమలపాకుల ఈనెలు తీస్తున్న నా భార్య ఆ కాగితం వంక చూసింది. "అదేమిటండీ, రెండిళ్ళకూ వచ్చేది పద్దెనిమిది లక్షలేగా! వాళ్ళకు లేని పన్ను మనకెందుకు?" అంది. నేను నోరు తెరిచేలోపే, "నేను ఉద్యోగం మానేసినందుకా?" అని కూడా అంది.

ఆమె లెక్కల టీచరు. నాకు రెండోసారి బదిలీ అయినప్పుడు స్కూలు మానేసింది. మూడోసారి అయ్యాక మళ్ళీ వెతుక్కునే ఓపిక లేక ఊరుకుంది. మన బ్యాంకు కుటుంబాల్లో ఇది కొత్త కథ కాదు. ఆ రెండో ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. మొదటిదానికి మాత్రం ఉంది. అదే ఇక్కడ రాస్తున్నాను. లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, కొత్త పన్ను విధానం ప్రకారం వేసినవి. ఏప్రిల్ 1, 2026 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తోంది, సెక్షన్ల నంబర్లు మారిపోతాయి. అందుకే నంబర్ల జోలికి పోవడం లేదు.

మన దేశంలో ఆదాయపు పన్ను పాన్ నంబరు వారీగా వేస్తారు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యవి, భర్తవి వేర్వేరు లెక్కలు. ఒక్కొక్కరికి మొదటి 4 లక్షల మీద పన్ను లేదు. తర్వాత 8 లక్షల వరకు 5 శాతం, 12 వరకు 10, 16 వరకు 15, 20 వరకు 20, 24 వరకు 25, ఆపైన 30 శాతం. జీతగాళ్ళకు, పింఛనుదారులకు ముందుగా 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతుంది. అదంతా పోగా మిగిలిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే, 60,000 వరకు పన్నును రిబేటు కింద పూర్తిగా మాఫీ చేస్తారు.

ఇప్పుడు నా లెక్క చూడండి. 18 లక్షల్లో 75,000 పోతే 17,25,000. శ్లాబుల ప్రకారం 20,000, 40,000, 60,000, చివరి లక్షా పాతిక వేల మీద 25,000. మొత్తం 1,45,000. దాని మీద 4 శాతం సెస్సు 5,800. చెల్లెలికి 9 లక్షల్లో 75,000 పోతే 8,25,000. శ్లాబు ప్రకారం 22,500 పన్ను పడాలి, రిబేటులో అది కొట్టుకుపోతుంది. బావగారిదీ అంతే. అదే 18 లక్షలు ఒక ఇంట్లో 14, 4గా వస్తే పన్ను 81,900. అంటే ఒకే రాబడికి మూడు రకాల పన్ను: సున్నా, ఎనభై రెండు వేలు, లక్షన్నర. తేడా అంతా ఆ సొమ్ము ఎందరి పేర వచ్చిందన్న దాంట్లోనే ఉంది. మా ఇంటికీ చెల్లెలి ఇంటికీ తేడా నెలకు పన్నెండున్నర వేల పైమాటే. అది మా పిల్లవాడి కోచింగు ఫీజు.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. "12 లక్షల దాకా పన్ను లేదు" అన్న మాట విని, రిటర్ను కూడా అక్కర్లేదనుకుంటారు. గీతలు రెండున్నాయి. 4 లక్షలు ప్రాథమిక పరిమితి. 12 లక్షలు రిబేటు పరిమితి. ఆదాయం మొదటి గీత దాటితే, చివరికి పన్ను సున్నా అయినా రిటర్ను వేయాల్సిందే. ఈ రెండు గీతల మధ్య ఉన్నవాళ్ళే ఎక్కువగా నష్టపోతారు. మా పెద్దక్క అలాగే నష్టపోయింది. అందులో నా తప్పూ ఉంది.

పెద్ద బావగారు పోయి రెండేళ్ళయింది. అక్కకు 56 ఏళ్ళు. ఫ్యామిలీ పెన్షను నెలకు 24,000, ఏడాదికి 2,88,000. బావగారి తాలూకు వచ్చిన సొమ్ము, ఇల్లు అమ్మగా వచ్చింది కలిపి 60 లక్షలు డిపాజిట్లు చేసింది. వడ్డీ ఏడాదికి 4,20,000. మొత్తం 7,08,000. ఫ్యామిలీ పెన్షను చట్టం దృష్టిలో జీతం కాదు, 'ఇతర ఆదాయం'. అందుకని బావగారు బతికుండగా ఆయన పింఛనులో పోయిన స్టాండర్డ్ డిడక్షన్ అక్కకు పోదు. పెన్షనులో మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అదే పోతుంది. ఆమె ఆదాయం 6,83,000గా తేలింది. పోయిన ఏడాది, అంటే 2024-25లో, రిబేటు పరిమితి 7 లక్షలు. కనుక పన్ను సున్నా.

కానీ బ్యాంకు వడ్డీలో 10 శాతం, అంటే 42,000 టీడీఎస్ కోసింది. అక్క 15-జి ఫారం ఇవ్వబోతే బ్రాంచిలో తీసుకోలేదు. వాళ్ళు చేసింది సరైనదే. ఈ సంగతి మన కౌంటర్లలో రోజూ వివరించాల్సి వస్తుంది కాబట్టి కాస్త ఆగి చెబుతాను. అరవై నిండినవారు 15-హెచ్ ఇస్తారు. మొత్తం ఆదాయం మీద తేలే పన్ను సున్నా అయితే చాలు, వడ్డీ ఎంత వచ్చినా ఇవ్వొచ్చు. అరవై లోపువారి 15-జికి ఇంకో షరతు ఉంది. వడ్డీ వంటి ఆదాయాలు మొత్తం కలిపి ప్రాథమిక పరిమితి దాటకూడదు. ఆ పరిమితి నిరుడు 3 లక్షలు, ఈ ఏడాది 4 లక్షలు. అక్క వడ్డీ రెండేళ్ళూ దాని పైనే ఉంది. ఆమె ఆడపడుచుకు 61 ఏళ్ళు. సరిగ్గా ఇదే ఆదాయం ఉన్నా ఆమె ఒక్క ఫారం ఇచ్చి రూపాయి కోత లేకుండా తీసుకుంటుంది. నలభైల్లో, యాభైల్లో భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్ళకు ఈ వయసు గీత చాలా బరువు. పన్ను లేకపోయినా ముందు కోత పెట్టించుకుని, తర్వాత రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి.

అక్క ఆ రిటర్ను వేయలేదు. "పన్ను లేదు కదా తమ్ముడూ, మళ్ళీ ఆ కాగితాలెందుకని ఊరుకున్నా" అంది. డిసెంబరులో ఫోన్లో మాటల మధ్య "వడ్డీలో ఏదో కోసేస్తున్నార్రా" అనే దాకా నేనూ అడగలేదు. ముప్పై ఏళ్ళుగా ఎవరెవరి ఫారాలో నింపాను. బావగారు పోయాక మా అక్క రిటర్ను సంగతి అడగాలని నాకు తోచలేదు. డిసెంబరు 31 లోపు ఆలస్యపు రిటర్ను వేశాం. ఆదాయం 5 లక్షలు దాటింది కనుక ఆలస్య రుసుము 5,000 పడింది. చేతికొచ్చింది 37,000. ఆ ఐదు వేలు నేనిస్తానంటే కోప్పడింది.

ఇక 12 లక్షల గీత దగ్గరికి వద్దాం. ఇది మన ఉద్యోగుల గీత. జీతగాళ్ళకు 75,000 కలుపుకుంటే ఇది 12,75,000 అవుతుంది. జీతం సరిగ్గా అంతే ఉన్నవారికి పన్ను సున్నా. వారికి డిపాజిట్ల మీద వడ్డీ 40,000 వచ్చిందనుకోండి. ఆదాయం 12,40,000 అయింది, రిబేటు పోయింది. శ్లాబుల ప్రకారం పన్ను 66,000. నలభై వేలు ఎక్కువ వస్తే అరవై ఆరు వేలు కట్టమనడం అన్యాయం కనుక, మార్జినల్ రిలీఫ్ అని పెట్టి పన్నును ఆ దాటిన 40,000కు తగ్గించారు. దాని మీద సెస్సు 1,600. వెరసి 40,000 వడ్డీకి 41,600 పన్ను! డిపాజిట్టు వేసినందుకు చేతి డబ్బు ఎదురు పడింది. జీతం, వడ్డీ కలిపి 12,75,000 నుంచి దాదాపు 13,45,000 దాకా ఇదే పరిస్థితి. ఈ మధ్యలో వచ్చే ప్రతి రూపాయీ పన్నులోకే పోతుంది. అది దాటాకే మళ్ళీ మామూలు శ్లాబు.

ఈ డెబ్బై వేల బురదలో మన వాళ్ళు తెలియకుండా దిగే దారి ఒకటుంది. స్టాఫ్ హౌసింగ్ లోనుకు మనం కట్టే తక్కువ వడ్డీకీ, అలాంటి లోనుకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వడ్డీ రేటుకూ ఉన్న తేడాను అదనపు సౌకర్యంగా లెక్కగట్టి జీతంలో కలుపుతారు. ఇది చెల్లుతుందని 2024 మే నెలలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చేతికి రాని ఈ సొమ్ము పే స్లిప్పులో కనబడదు, ఫారం 16తోపాటు వచ్చే 12-బిఎలో కనబడుతుంది. "నా జీతం పన్నెండున్నరే" అని నిశ్చింతగా ఉన్నవారు ఒకసారి ఆ కాగితం తీసి చూసుకోవాలి. దంపతులిద్దరూ ఉద్యోగులైతే, పొదుపు చేసే డిపాజిట్లు ఎవరి పేర వేయాలో నిర్ణయించుకునే ముందు ఎవరు ఈ గీతకు దగ్గరగా ఉన్నారో చూసుకోవడం మంచిది. ఎవరి జీతంలోంచి ఆ డబ్బు వచ్చిందో వారి పేరే ఉండాలి సుమా. ఆ సంగతి కింద చెబుతాను.

ఊళ్ళో పొలం ఉన్న ఇళ్ళకు ఇంకో చిక్కు. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు, కౌలుతో సహా. కానీ మిగతా ఆదాయం మీద ఏ రేటు పడుతుందో తేల్చడానికి దాన్ని లెక్కలోకి లాగుతారు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆదాయం సరిగ్గా 12 లక్షలు, కౌలు 2 లక్షలు ఉన్నవారిని తీసుకోండి. 14 లక్షల మీద పన్ను 90,000. కౌలు 2 లక్షలకు ప్రాథమిక పరిమితి 4 లక్షలు కలిపి, ఆ 6 లక్షల మీద పన్ను 10,000. తేడా 80,000. రిబేటు గరిష్ఠం 60,000. మిగిలిన 20,000 సెస్సుతో 20,800 కట్టాలి. "పన్ను లేని కౌలు" అని రిటర్నులో చూపించకుండా వదిలేస్తే తర్వాత ఇబ్బంది.

ఇంతవరకు విన్న నా భార్య, "అయితే మీ జీతంలో సగం నా పేర డిపాజిట్టు వేస్తే సరిపోదా? నాకూ పాన్ ఉందిగా" అంది. ఈ ఆలోచన నాకు పదిహేనేళ్ళ కిందటే వచ్చింది. వచ్చి, చేశాను కూడా. నా జీతంలోంచి 6 లక్షలు ఆమె పేర వేసి, ఆ వడ్డీ ఆమెదే అనుకుని నా రిటర్నులో చూపించలేదు. భర్త భార్యకు ఊరికే ఇచ్చిన సొమ్ము మీద వచ్చే ఆదాయాన్ని భర్త ఆదాయంలోనే కలుపుతారు. భార్య భర్తకిచ్చినా అంతే. కోడలికి అత్తమామలిచ్చినా అంతే. తర్వాత పైఅధికారి ఒకాయన చెబితే రిటర్ను సవరించి, పన్ను వడ్డీతో సహా కట్టాను. బ్యాంకు ఆఫీసరుని అయివుండి ఇది తెలియలేదా అని ఆయన అడిగిన తీరు ఇప్పటికీ గుర్తుంది. మైనరు పిల్లల పేర వేసినా, తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి లెక్కలోకే వస్తుంది. ఆమె పుట్టింటివారిచ్చింది, ఆమె సొంత సంపాదన, వాటి మీద వచ్చే వడ్డీ మాత్రం ఆమెదే.

తల్లిదండ్రులకు, మేజరైన పిల్లలకు ఇస్తే ఈ కలపడం లేదు. దాంతో చాలామంది తల్లి పేర డిపాజిట్లు వేస్తారు. అది చట్టబద్ధమే. కానీ ఇచ్చాక ఆ సొమ్ము నిజంగానే తల్లిది. నాతో పనిచేసిన ఒకాయన నాలుగేళ్ళ కిందట ఇలాగే తల్లి పేర 6 లక్షలు వేసి, నామినీగా తన పేరు రాయించుకున్నాడు. ఆమె వీలునామా రాయకుండా పోయింది. నామినీ డబ్బు తీసుకోగలడే గాని యజమాని కాడు. తండ్రి లేడు, ఇద్దరు చెల్లెళ్ళు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురికీ సమాన వాటాలు. వాళ్ళు అడిగారు, ఆయన చెరో రెండు లక్షలు ఇచ్చాడు. ఇచ్చాడు గాని, ఆ తర్వాత రాఖీ పౌర్ణమికి ఇంటికి రాలేదని నాతో అన్నప్పుడు ఎవరు ఎవరింటికి రాలేదో నేను అడగలేదు.

హిందూ ఉమ్మడి కుటుంబం పేర వేరే పాన్ తీసుకోమని సలహా చెప్పేవారుంటారు. దానికీ 4 లక్షల పరిమితి ఉంది, రిబేటు మాత్రం లేదు. పిత్రార్జితపు అద్దెలు ఉన్నవారికి పనికొస్తుందేమో గాని, జీతాన్ని దాంట్లో పోయడం కుదరదు. పాత పన్ను విధానం సంగతి కూడా ఒక్క మాటలో చెబుతాను. పెద్ద ఇంటి అప్పు, ఇంటద్దె, తల్లిదండ్రుల ఆరోగ్య బీమా అన్నీ ఒకరి మీదే ఉంటే, ఏటా రెండు లెక్కలూ వేసి చూసుకోండి. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగులు ఏ ఏటికాయేడు మార్చుకోవచ్చు.

చట్టం ఎప్పుడూ ఇంటిని పట్టించుకోలేదనడం సరికాదు. 1955లో ఆర్థికమంత్రి సి.డి.దేశ్‌ముఖ్ పెళ్ళయినవారికీ కానివారికీ వేర్వేరు పరిమితులు పెట్టారు. అప్పటి 1,500 రూపాయల పరిమితి పెళ్ళయినవారికి 2,000 అయింది, కానివారికి 1,000కి దిగింది. మన రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు ఆయనే. రాజమండ్రిలో పుట్టిన మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి భర్త కూడా. ఆ పద్ధతి తర్వాత పోయింది. చాలాకాలం ఆడవారికి కాస్త ఎక్కువ పరిమితి ఉండేది. 2011-12లో మగవారికి 1,80,000 అయితే ఆడవారికి 1,90,000. మరుసటి ఏడాది నుంచి అదీ తీసేశారు.

భార్యాభర్తలు కలిపి ఒకే రిటర్ను వేసుకునే వీలు ఇవ్వాలని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 2025 బడ్జెట్‌కు ముందు సూచించింది. అమెరికాలో మనవాళ్ళు అలాగే వేస్తారు. అది వస్తే నా పన్ను తగ్గుతుంది, కనుక నా మాటను ఆ మేరకు తగ్గించుకుని వినండి. నాకు పూర్తిగా ఒప్పుదల లేదు. ఇద్దరి ఆదాయం కలిపితే, కొత్తగా ఉద్యోగంలో చేరే భార్య మొదటి రూపాయి మీదే భర్త పై శ్లాబు రేటు పడినట్టవుతుంది. "ఆ కాస్త జీతానికి ఎందుకులే" అనే ఇళ్ళు పెరుగుతాయి. ఇప్పుడున్న పద్ధతిలో ఆమె సంపాదించే మొదటి 4 లక్షలు పూర్తిగా ఆమెవి. పైగా మా చెల్లెలి ఇంట్లో పన్ను సున్నా అయినా పిల్లను చూసుకునే మనిషికి నెలకు పదివేలు ఇస్తున్నారు, రెండు బళ్ళకు పెట్రోలు పోస్తున్నారు. మా ఇంట్లో ఆ ఖర్చు లేదు. ఆ పనంతా నా భార్య చేస్తోంది, ఏ ఫారంలోనూ దానికి గడి లేదు. నా అభ్యంతరమల్లా బదిలీల వల్ల మానేసిన ఉద్యోగాల గురించే. ఉద్యోగం వదులుకోవడం వల్ల ఒక జీతం పోయింది. మిగిలిన ఒక్క జీతం మీద, సంపాదన ఇద్దరిదీ అయితే పడని పన్ను కూడా పడుతోంది. కనీసం బదిలీ అయ్యే ఉద్యోగుల ఇళ్ళకైనా ఏదో ఒక మినహాయింపు ఉండాలని నా అభిప్రాయం. దాన్ని ఎలా పెట్టాలో నాకన్నా తెలిసినవాళ్ళు చెప్పాలి.

ఈ మాటే ఆమెతో అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. చిలకలు చుట్టడం అయిపోయాక, జూన్ నుంచి ఇంటి దగ్గర తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెబుదామనుకుంటున్నానంది. పదిమంది వచ్చినా నెలకు ఇరవై వేలు, ఏడాదికి 2,40,000. అది ఆమె చదువుతో, శ్రమతో వచ్చేది కాబట్టి నా లెక్కలో కలవదు, 4 లక్షల లోపే కాబట్టి పన్నూ లేదు. ఫీజులు తన ఖాతాలోనే వేయించుకోమని చెప్పాను.

"ఇంకెవరి ఖాతాలో వేయించుకుంటాను?" అంది.